కోళ్ల షెడ్డులో గడిచిన చలికాలం

మా చెల్లెలు యాదమ్మ మా ఇంటికి రావడమే తక్కువ. వచ్చినా నిలవదు. జవహర్‌నగర్ నుంచి రెండు బస్సులు మారి మేముండే సుచిత్ర చౌరస్తా దాకా వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి, ఒక గ్లాసు చాయ్ తాగి, ఇగ పోతనక్కా, డ్యూటీ ఉన్నది అని లేస్తుంది. వాళ్ల కాలనీకి దగ్గర్లోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో, ఆడపిల్లల హాస్టల్లో ఊడ్చి తుడిచే పని ఆమెది. అలాంటి మనిషి ఈ చలికాలం ఒకరోజు పొద్దున్నే దగ్గుకుంటూ, భుజాన చిన్న సంచితో వచ్చి, రెండు దినాలు పండుకోని పోతానంది. వాళ్లది రేకుల ఇల్లు. రాత్రంతా రేకుల మీద పడ్డ మంచు తెల్లవారేసరికి చుక్కలు చుక్కలుగా పక్క మీద కారుతోందట. ఒళ్లు ముట్టి చూస్తే కాలిపోతోంది. లోపల పడుకోబెట్టి, ఇంట్లో ఉన్న రెండు రగ్గులూ కప్పాను. రగ్గుల కింద మనిషి ఉన్నట్టే కనిపించలేదు. యాభై దాటినా ఆమె ఒళ్లు ఇప్పటికీ పదో తరగతి చదివే పిల్ల ఒళ్లంతే.

ఈ ఏడాది చలి ఎవరూ అనుకోని చలి. మన దగ్గర చలికాలం అంటే నాలుగు రోజులు స్వెట్టర్ వేసుకుని మురవడమే. శివరాత్రికి శివశివా అంటూ పోతుందని అంటారు గానీ, అంతదాకా ఉండే చలి కూడా చాలా ఏళ్లుగా లేదు. ఈసారి మాత్రం మా ఆయన ఇంట్లో కూడా మంకీ క్యాప్ తీయడం లేదు. కింద వాచ్‌మన్ దంపతులు పార్సిళ్ల అట్టపెట్టెలు పొద్దూ మాపూ తగలబెట్టి దాని చుట్టే కాపురం చేస్తున్నారు. నా మోకాళ్లు మెట్లను చూస్తేనే మొరాయిస్తున్నాయి. మన ఇళ్లన్నీ ఎండను తప్పించుకోవడానికి కట్టుకున్నవే కదా. కిటికీలు గాలి కోసం, నేల మీద బండలు చల్లదనం కోసం. అలాంటి ఇంట్లోకి నిజమైన చలి వచ్చి కూర్చుంటే దాన్ని బయటికి పంపే దారి లేదు. ఓర్చుకోవడమే. ఓర్చుకోవడానికి కూడా ఒక వయసుండాలని ఈ మధ్యనే అర్థమవుతోంది.

రెండో రోజుకు యాదమ్మ జ్వరం కాస్త దిగింది. బాల్కనీలో ఎండ పడే చోట చాప వేసుకుని, మోకాళ్లు గదవకు ఆనించుకుని కూర్చుంది. నేనూ చాయ్ తెచ్చుకుని పక్కన చేరాను. తర్వాత ఆమే, తాను పుట్టినప్పుడు కూడా ఇట్లాగే చలి పెట్టిందట కదా, చెప్పమంది. చిన్నప్పటి నుంచి ఈ కథ ఆమె చాలాసార్లు అడిగింది, మేము చాలాసార్లు చెప్పాం. అయితే ఎప్పుడు చెప్పినా సగమే చెప్పాం. రెండో సగం ఆమెకు తెలియకూడదని నాయిన, అమ్మ అనుకున్నారు. వాళ్లిద్దరూ పోయాక ఆ సగాన్ని మోసే పని నాకే మిగిలింది.

అప్పట్లో మేము మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ, రోడ్డుకు బాగా లోపలగా ఉన్న ఒక కోళ్ల ఫారంలో ఉండేవాళ్లం. చుట్టూ ద్రాక్షతోటలు. ఇప్పుడు అక్కడ వరుసగా విల్లాలు, వాటికి పెద్ద పెద్ద గేట్లు. నాయిన పేరు ఎల్లయ్య. ఫారంలో కోడిపిల్లల షెడ్డు ఆయన చేతి కింద ఉండేది. ఒక్కరోజు వయసున్న కోడిపిల్లలు చిల్లుల అట్టపెట్టెల్లో వస్తే, వాటికి రెక్కలొచ్చి చలికి తట్టుకునేదాకా సాకడం ఆయన పని. అమ్మ పక్క ద్రాక్షతోటలో తీగలు కట్టే కూలికి వెళ్లేది. ఫారం చివర ఒక్క గది పెంకుటింట్లో మేం నలుగురం. నాయిన, అమ్మ, నాయిన తల్లి అయిన మా అవ్వ, నేను. నాకప్పుడు పదకొండేళ్లుంటాయి.

నాయినకు షెడ్డే గుడి. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే అటు వెళ్లేవాడు. వాకిలి ముందు తొట్టిలో సున్నం నీళ్లుండేవి. అందులో కాళ్లు ముంచి, తలుపు తీసేముందు నాలుకతో టకటకమని చప్పుడు చేసేవాడు. చప్పుడు లేకుండా ఒక్కసారే లోపలికి పోతే పిల్లలు బెదిరి ఒకదాని మీద ఒకటి పడి చస్తాయట. కొత్త పిల్లలు వచ్చిన రోజు వాటికి బెల్లం నీళ్లు పెట్టి, ఒక్కొక్కదాని ముక్కు తానే నీళ్లలో తడిపి తాగడం నేర్పేవాడు. ఎంత ఉతికినా ఆయన బట్టల్లోంచి ఊక వాసన, దాణా వాసన, ముక్కును గుచ్చే రెట్ట వాసన పోయేవి కావు. నా బట్టలకూ అదే వాసన. బడిలో నా పక్కన కూర్చోవడానికి ఆడపిల్లలు ముందువెనకలాడేవాళ్లు. అవ్వ పద్ధతి వేరు. ఆమెకు చుట్ట, కుంపటి, వాకిట్లో ఒక మూల ఉంటే చాలు. కుంపట్లోకి గింజలు ఒలిచిన మక్క బెండ్లు ఏరుకొచ్చి ఎండబెట్టుకునేది. సాయంత్రం కాగానే పగిలిన కాళ్లకు ఆముదం రాసుకుని, కుంపటి ముందు కూర్చుని, ఎవరి మీదో తెలియని కోపంతో చుట్ట పీల్చేది. నవ్వగా నేను చూసిన గుర్తు లేదు. నాయిన కంటే ముందు ముగ్గురిని కని ముగ్గురినీ మట్టిలో పెట్టిన మనిషి.

ఆ సంవత్సరం చలి కార్తీకం వెళ్లకముందే దిగింది. ముందు సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టింది. అది మామూలే అనుకున్నాం. తర్వాత ద్రాక్షాకుల అంచులు నల్లబడ్డాయి. పొద్దెక్కినా చెరువు వైపు తెల్లగా పొగలేచినట్టే ఉండేది, మనుషులు దగ్గరికి వస్తే గానీ కనిపించేవాళ్లు కాదు. గేదెల వీపుల మీద గోనె బస్తాలు కట్టారు. బడిలో పంతులు మమ్మల్ని గదుల్లోంచి తీసి ఎండలో కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు, పలక మీద రాయబోతే వేళ్లు కొంకర్లు పోయేవి. మాకు ఉన్నవి రెండు గొంగళ్లు. ఒకటి అవ్వది, ఇంకొకటి మా ముగ్గురిదీ. పెంకుల సందుల్లోంచి వచ్చే గాలికి నాయిన దాణా సంచులు కుట్టి అడ్డం కట్టాడు. అయినా తెల్లవారేసరికి కాగులో నీళ్లు ముట్టుకుంటే సూదులు గుచ్చినట్టుండేవి.

ఆ చలిలో, ఏడో నెలలో, అమ్మకు నొప్పులొచ్చాయి. ఒక పగలంతా పడి, పొద్దుగూకే వేళకు కనింది. పుట్టిన పిల్ల నాయిన రెండు అరచేతులు కలిపితే అందులో పట్టింది. ఏడవలేదు. పిల్లి కూనలా ఒక సన్నని మూలుగు, అంతే. మంత్రసాని పిల్లను పాత చీర పేలికలో చుట్టి అవ్వ చేతిలో పెట్టి, తాంబూలం కూడా అడగకుండా వెళ్లిపోయింది. ఆమె అట్లా వెళ్లడంలోనే ఉంది ఏం జరగబోతోందో. పిల్లకు పేరేం పెడదామని నేను అడిగాను. అవ్వ నా వైపు చూడకుండానే అంది.

"పేరు పెట్టకుండ్రి. పేరు పెడితె, పోయినంక పేరు వట్టి ఏడ్వాలె."

మర్నాడు నాయిన మేడ్చల్ దాకా నడిచి, అక్కడున్న ఒక డాక్టరును అడిగి వచ్చాడు. పట్నంలో పెద్ద దవాఖానలో అద్దాల పెట్టె ఉంటుందట. అందులో బల్బులుంటాయి, పిల్లను ఆ వేడిలో పెడతారు. కానీ ఈ చలిలో అంత చిన్న ప్రాణాన్ని బస్సులో తీసుకుపోతే దారిలోనే చల్లబడిపోతుంది, ఒళ్లు చల్లబడనివ్వకుండా చూడండి, పాలు చుక్కలుగా పట్టండి, కాస్త గట్టిపడ్డాక తీసుకుపోదురు గానీ అన్నాడట ఆ డాక్టరు. నాయిన ఇదంతా చెప్పి గడప మీద కూర్చున్నాడు. అమ్మకు జ్వరం, కళ్లు తెరవడం లేదు. అవ్వ పిల్లను కుంపటి దగ్గర పెట్టుకుని ఉంది. అయినా పిల్ల కాళ్లు నీలంగా ఉన్నాయి. చాలాసేపటి తర్వాత నాయిన లేచి, "బల్బులున్న పెట్టెనే గదనే అవ్వా, నా కాడ గంత పెద్దది ఉన్నది" అన్నాడు.

పిల్లల షెడ్డులోకి బయటివాళ్లు రాకూడదన్నది ఫారంలో మొదటి నియమం. మనుషుల కాళ్ల వెంట రోగాలొస్తాయని. ఫారం యజమాని కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. నెలకోసారి సికింద్రాబాద్ నుంచి వచ్చి చూసుకుపోయేవాడు. ఆ సారు కూడా సున్నం నీళ్లలో కాళ్లు ముంచకుండా లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. నాయిన ఆ నియమాన్ని ఎన్నడూ తప్పలేదు. నన్నే తలుపు దగ్గర నిలబెట్టి మాట్లాడేవాడు. ఆ రోజు అమ్మను ఎత్తుకుని, పిల్లను అవ్వ గొంగడిలో పెట్టుకుని, మేమంతా ఆ షెడ్డులోకి వెళ్లాం.

లోపలికి అడుగు పెట్టగానే మొహానికి వెచ్చగా తగిలిన ఆ గాలి నాకు ఇప్పటికీ ఒంటి మీద గుర్తుంది. నేలంతా ఊక. గుండ్రంగా నిలబెట్టిన రేకుల మధ్య పసుపు రంగు కోడిపిల్లలు, వాటి మీద రేకు గొడుగుల కింద బల్బులు. షెడ్డుకు ఆ కొసనా ఈ కొసనా రెండు బుఖారీలు, అంటే బొగ్గులు వేసి మండించే పీపాలు. వాటి పొగ గొట్టాల గుండా బయటికి పోయేది. షెడ్డు చుట్టూ గోనె పరదాలున్నా, పైన ఒక చేతి వెడల్పు సందు నాయిన ఎప్పుడూ వదిలేవాడు. గాలి ఆడకుంటే బొగ్గు మనిషిని నిద్రలోనే తీసుకుపోతుందని చెప్పేవాడు. ఒక బుఖారీ పక్కన ఊక నింపిన సంచులు పరిచి అమ్మను పడుకోబెట్టి, చుట్టూ పరదా కట్టాడు. అవ్వ రవిక విప్పి, పిల్లను ఒట్టి రొమ్ముకు ఆనించుకుని, పైన గొంగడి కప్పుకుని గోడకు ఒరిగింది. ఆ తర్వాత రోజుల్లో ఆమె చుట్ట వెలిగించగా నేను చూడలేదు. అమ్మ పాలు పిండి ఇస్తే, దూది వత్తి ముంచి చుక్క చుక్కగా పిల్ల నోట్లో వేసేది. పేరు మాత్రం పెట్టనివ్వలేదు. పిల్ల అనే అనేది.

బడి నుంచి రాగానే నాకొక పని అప్పగించాడు నాయిన. కోడిపిల్లలను చూస్తూ కూర్చోవడం. షెడ్డులో వేడి ఎంతుందో చెప్పే యంత్రాలు మాకు లేవు. నాయిన నన్ను రేకుల పక్కన కూర్చోబెట్టి చెప్పాడు. "పిల్లలెట్ల పండుకున్నయో సూడు బిడ్డా. గుంపు గట్టినయంటె సలి ఎక్కువున్నట్టు. రేకులకు ఆనుకున్నయంటె ఉడుకు ఎక్కువైనట్టు. ఇత్తనాలు సల్లినట్టు పండుకున్నయంటె మన పిల్లకు గూడ సరిపోయినట్టు." నేను గంటల తరబడి వాటిని చూస్తూ ఉండేదాన్ని. గుంపు కడుతున్నట్టు కనబడితే పరుగెత్తి చెప్పేదాన్ని, నాయిన బొగ్గు వేసేవాడు. అట్లా రెండు వేల కోడిపిల్లలు మా చెల్లెలికి వేడి సరిపోయిందో లేదో చెబుతూ వచ్చాయి. పది పన్నెండు రోజులకు పిల్ల కాళ్లలో నీలం తగ్గింది. ఒకరోజు పగలు మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపుకు షెడ్డంతా కిచకిచలు మాని ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. అమ్మ నవ్వింది. అవ్వ నవ్వలేదు గానీ, పిల్ల తల వెంట్రుకలు వేలితో సర్దింది.

యాదమ్మకు మేము ఇక్కడిదాకానే చెప్పేవాళ్లం. అట్లా కోడిపిల్లల్లో కోడిపిల్లగా నువ్వు బతికినవ్ అని ముగించేవాళ్లం. ఈసారి ఎందుకో అక్కడ ఆపలేకపోయాను. ఒంట్లో శక్తి తగ్గుతున్నకొద్దీ దాచడం కూడా కష్టమైన పనిలా అనిపిస్తోంది. మిగతాది కూడా చెప్పేశాను.

ఆ తర్వాతి వారం చలి ఇంకా పెరిగింది. ఎక్కడో కరెంటు లైను తెగిందన్నారు, మా వైపు పల్లెలన్నిటికీ కరెంటు పోయింది. మొదటి రోజు బుఖారీల మీద నెట్టుకొచ్చాం. రెండో రోజు నాయిన కోడిపిల్లలను నాలుగు గుంపులుగా దగ్గరికి చేర్చి, షెడ్డును గోనె పరదాలతో రెండు భాగాలు చేశాడు. బొగ్గు లారీ రావలసి ఉంది, రాలేదు. ద్రాక్షతోట నుంచి ఎండు తీగలు తెచ్చి వేస్తే పొగే తప్ప వేడి లేదు. మూడో రోజు పొద్దుగూకే వేళకు ఒక్క బస్తా బొగ్గు మిగిలింది. రెండు బుఖారీలకు పంచితే అర్ధరాత్రికి రెండూ చల్లారుతాయి. ఒక్కదానికే వేస్తే తెల్లారేదాకా నిలుస్తుంది. నాయిన షెడ్డు మధ్యలో నిలబడ్డాడు. పట్టినన్ని కోడిపిల్లలను మా వైపుకు మార్చాడు. ఇంకా మారిస్తే ఒకదాన్నొకటి తొక్కుకుని చస్తాయి. మిగిలినవాటి కింద ఊక మందంగా పోసి, పైన అట్టలు, సంచులు కప్పాడు. అప్పుడు బొగ్గు బస్తా ఎత్తుకుని మా వైపు వచ్చాడు. అవ్వ చూస్తూనే ఉంది.

"ఎల్లిగా, అవి పరాయోల్ల జీవాలు. మనల నమ్మి ఇడిసిపోయిన్రు."

"ఎర్కనే అవ్వా" అన్నాడు నాయిన. బస్తా మూతి విప్పాడు.

తెల్లవారి నేను లేచేసరికి పరదా అవతల చప్పుడు లేదు. మా వైపు కోడిపిల్లలు ఎప్పటిలా కిచకిచమంటున్నాయి, అవతల ఏమీ లేదు. నాయిన పరదా ఎత్తి నిలబడి ఉన్నాడు. చలికి అన్నీ ఒకే మూలకు చేరి, వెచ్చదనం కోసం ఒకదాని కిందికి ఒకటి దూరి కుప్ప అయిపోయాయి. పైపైన ఉన్నవి కొన్ని కదులుతున్నాయి. కింద ఉన్నవేవీ కదలడం లేదు. అవ్వ వచ్చి చూసింది. పిల్లను తీసుకుపోయి అమ్మ పక్కలో పడుకోబెట్టి వచ్చి, ఆ కుప్ప ముందు కూర్చుని, బతికున్నవాటిని ఒక్కొక్కటిగా ఏరి ఒళ్లో వేసుకోసాగింది. ఏరుతూ ఏరుతూ, ఎవరితో అన్నట్టూ కాకుండా, "పిల్లకు యాదమ్మ అని పేరు పెట్టుండ్రి" అంది. చచ్చినవాటిని నేను సంచుల్లో వేశాను. చేతిలో బరువే లేదు, దూదిపింజల్లా ఉన్నాయి. లెక్కపెట్టమన్నాడు నాయిన. నాలుగు వందల దాకా లెక్కపెట్టి ఆగిపోయాను. ఆరు వందలకు పైనే ఉంటాయని తర్వాత నాయినే అన్నాడు.

కాస్త పొద్దెక్కాక సారు వచ్చాడు. కరెంటు పోయిందని తెలిసి వచ్చాడు. సంచులు చూశాడు, ముట్టుకుని చూశాడు. కోపంగా లేడు. "కరెంటు లేకే పోయాయా ఎల్లయ్యా?" అని అడిగాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను. అవునంటే సరిపోయేది. సారు ఆ మాట నాయిన చేతిలో పెట్టినట్టే పెట్టాడు. నాయిన తల వంచుకుని చెప్పాడు.

"కరెంటు లేకనే సారు. గని బొగ్గు ఒక్క బుఖారీకే ఏసిన. నా బిడ్డ పండుకున్న దిక్కు."

సారు పరదా తీసి లోపలికి చూశాడు. అమ్మ లేవబోయి లేవలేకపోయింది. అవ్వ గొంగడి అంచు కాస్త తొలగించి పిల్ల మొహం చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. "నాతో ఒక మాట చెప్పాల్సింది ఎల్లయ్యా" అన్నాడు.

"సెప్తె వద్దంటరేమోనని భయమైంది సారు."

మధ్యాహ్నానికి సారు ఎక్కడినుంచో బొగ్గు పంపించాడు. దాంతోపాటు ఒక మంచి ఉన్ని కంబళి కూడా. ఆ కంబళిలోనే యాదమ్మ మిగిలిన చలికాలమంతా గడిపింది. అయితే ఆ కోడిపిల్లలు పెరిగి షెడ్డు ఖాళీ అయ్యాక, ఇక రానక్కర్లేదని నాయినకు చెప్పించాడు. ఎల్లయ్య మంచివాడే గానీ, రెండు ప్రాణాల్లో ఒకటి ఎంచుకోవలసి వస్తే తన వైపు ఉండడని తెలిశాక ఎట్లా పెట్టుకుంటానని అన్నాడట. ఆయన్ను తిట్టుకుందామని నేను చాలా ఏళ్లు ప్రయత్నించాను. ఆ మాటలో తప్పు వెతికితే నాకు దొరకలేదు. ఆ కంబళి గుర్తొస్తే అసలే తిట్టలేకపోయేదాన్ని.

అట్లా మేము గాజులరామారం వచ్చిపడ్డాం. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో నాయిన ఇనుప కడ్డీలు లారీలకెక్కించే పనికి కుదిరాడు. ఒక్కరోజు వయసు కోడిపిల్లను వేలి కొసలతో పట్టుకుని నీళ్లు తాగించిన చేతులు అవి. కాయలు కాచి, వేళ్లు మడత పడకుండా పోయాయి. ఇద్దరు పడుకునే గదిలో ఐదుగురం. పొద్దున లేస్తే ఆ ప్రాంతమంతా ఏదో మందుల వాసన. నేనొకసారి, కోళ్ల దగ్గరికి మళ్లీ పోవాలని ఉంటుందా నాయినా అని అడిగాను. పని దొరికింది కదా బిడ్డా అన్నాడు.

న్యాయంగా చెప్పుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. గాజులరామారం వచ్చాం కాబట్టే నాకు నడిచిపోయేంత దూరంలో హైస్కూలు దొరికింది. చదువుకున్నాను, టీచరునయ్యాను, ఇవాళ ఈ ఫ్లాటులో కూర్చుని ఇది రాసుకుంటున్నాను. ఎవరి కోసం నాయిన అంత పని చేశాడో ఆ పిల్లకేమో ఏ చదువూ అంటలేదు. నెలకోసారి జ్వరం, చలి తగిలితే ఆయాసం. నాలుగో తరగతిలోనే ఆగిపోయింది. పెళ్లి చేస్తే మొగుడు తాగి కొట్టేవాడు. అతను పోయాక జవహర్‌నగర్‌లో ఒక రేకుల గది, హాస్టల్లో చీపురు. గాలి ఇటు తిరిగితే పట్నం చెత్తకుప్పల వాసన తప్ప ఇంకేమీ రాని ఇంట్లో ఆమె ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఇందుకోసమేనా నాయినా అంత చేసింది అని నేను ఎన్నిసార్లు లోపల్లోపల అనుకున్నానో లెక్కలేదు. అనుకున్న ప్రతిసారీ అలసట వచ్చేది. నా వంతుకు వెచ్చదనం, ఆమె వంతుకు చలి వచ్చినట్టు, ఎక్కడో పంపకంలో పొరపాటు జరిగినట్టు ఉండేది.

ఇదంతా చెప్పడం అయిపోయేసరికి ఎండ బాల్కనీ దాటిపోయింది. యాదమ్మ మొహం వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇన్నేళ్లూ ఆమెకు తెలియకుండా కాచింది ఇదే, తన వల్ల నాయిన పని పోయిందని ఆమె అనుకోకూడదనే. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి, మామూలుగానే అంది.

"నాకు ఎర్కేనక్కా. అవ్వ సెప్పింది ఎప్పుడో."

తనకు ఎనిమిదేళ్లప్పుడట. జ్వరమొచ్చి మందు తాగనని మొండికేస్తే అవ్వ పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పిందట. ఎన్ని చచ్చాయో, పని ఎట్లా పోయిందో, అంతా. చెప్పి, అక్కకు చెప్పొద్దు, అది బాధపడుతుంది అందట. నేను ఇటు దాస్తుంటే ఆమె అటు దాస్తూ వచ్చింది. మరి నీకు బరువనిపించలేదా అని అడిగాను. నా వైపు చూడకుండా చెప్పింది.

"ఒకపారి మా ఆయన మస్తు కొట్టిండక్కా. పిల్లలు బడికి పోయిన్రు. నేను పోయి శామీర్‌పేట చెరువు కట్ట మీద కూసున్న. పొద్దున పోయినదాన్ని, పొద్దు గూకేదాక కూసున్న. దుంకుదామనే పోయిన. గని అవ్వ సెప్పిన కోడిపిల్లలు యాదికొచ్చినయి. గన్ని పానాలు పోతె దక్కిన పానమాయె. నా ఒక్కదాన్ది అయితె పారేసుకుందును. నా ఒక్కదాన్ది గాదు గదా. లేసి బస్సెక్కిన."

ఆ రోజు నేనెక్కడున్నానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. బడిలో ఉండి ఉంటాను. పేపర్లు దిద్దుకుంటూ, సాయంత్రం కూరేం చేయాలా అని ఆలోచిస్తూ ఉండి ఉంటాను. ఆమె వీపు మీద చేయి వేశాను. ఎముకలు తగిలాయి. ఇన్నేళ్లూ నేను ఆమె బతుకును చూసి అయ్యో అనుకున్నాను. ఆమె మాత్రం దాన్ని ఎవరో నమ్మి అప్పగించిన వస్తువులా జాగ్రత్తగా మోసుకొచ్చింది. నేను కళ్లు తుడుచుకోవడం చూసి, సలికి కండ్లు మండుతయక్కా, లోపలికి పా అంది.

చలి తగ్గేదాకా ఉండమన్నాను. ఉండలేదు. హాస్టల్లో తనకు బదులు పెట్టిన మనిషి సరిగ్గా చేయదని ఆమె బెంగ. ఐదో రోజు ఆమెతో పాటు నేనూ బస్సెక్కాను. వద్దంది, మోకాళ్ల నొప్పులంది, వాసన పడదంది. వాసన నిజంగానే పడలేదు. ఆమె ఇంటికి పోయి ఎన్నేళ్లయిందో నేను పైకి అనలేదు, ఆమె కూడా అనలేదు. నా పాత నేత చీరలు నాలుగు సంచిలో పెట్టుకుని పోయాను. గోడకూ రేకుకూ మధ్య అరచేయి దూరేంత సందులున్నాయి. గాలాడడానికి పైన ఒకచోట వదిలేసి, స్టూలెక్కి మిగిలిన సందుల్లో చీరల పేలికలు కూరడం మొదలుపెట్టాను. యాదమ్మ కింద స్టూలు పట్టుకుని, పడ్తవక్కా దిగు, నేను జేస్త అంటూనే ఉంది. దిగాలనే ఉంది. కానీ ఆమె మంచం ఉన్న వైపు మూల ఇంకా మిగిలే ఉంది. ఇంకో పేలిక అందియ్యమన్నాను.